సోలా తవ్వా స్లైడ్‌రూలూ

జూలైలో మా దుమ్ముగూడెంలో తలుపులు మనిషి మాట వినవు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పెరటి తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోతుంది. భుజం పెట్టి ఒక్క తోపు తోస్తే గాని రాదు. నా పాత బల్ల సొరుగూ అంతే. మొన్న ఆ సొరుగు మీద యుద్ధానికి దిగింది మా మనవరాలు. భద్రాచలంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. వానలకి బడి మూశారు, కరెంటు పోయింది, సెల్‌ఫోన్లో చార్జింగు అయిపోయింది. ఇన్ని శుభాలు ఒక్కసారి కలిసొస్తే గాని ఈ కాలం పిల్లలు తాతల సొరుగులు వెతకరు.

రెండు కాళ్లూ బల్లకి తన్నిపెట్టి లాగితే సొరుగు మొత్తం ఊడి ఒళ్లోకొచ్చింది. అందులోంచి నల్లటి అట్టపెట్టె, పెట్టెలోంచి తెల్లటి బద్ద.

"తాతయ్యా, ఇదేం స్కేలు? అంకెలన్నీ కుడి పక్కకి తోసేసినట్టున్నాయి. గీసినవాడికి లెక్కలు రావా?"

"వాడికే వచ్చమ్మలూ. మధ్యలో పుల్ల ఉంది, లాగి చూడు."

లాగింది. జర్రున జారింది. పిల్ల ఒకసారి సొరుగు వంక చూసింది, ఒకసారి చేతిలో బద్ద వంక చూసింది. "సొరుగు ఉబ్బింది కదా, మరి ఇదెందుకు ఉబ్బలేదు?"

నాకక్కడే ముచ్చటేసింది. యాభై ఏళ్లకు పైగా నా దగ్గరున్న వస్తువు గురించి ఎవరూ అడగని ప్రశ్న అది. అందరూ ఇదేంటి అనే అడిగారు.

చెక్క గాలిలోని చెమ్మ తాగుతుంది. తాగితే పొడుగు పెరగదు, అడ్డంగా లావెక్కుతుంది. నారలన్నీ నిలువుగా పరుచుకుని ఉంటాయి కనక, నీరు వాటి గోడల్లోకి చేరి నారకీ నారకీ మధ్య ఎడం పెంచుతుంది. అందుకే తలుపు పైనా కిందా కాదు, పక్కన పడుతుంది. పూర్వం సీమ నుంచి వచ్చే స్లైడ్‌రూళ్లు మహాగని లాంటి చెక్కతో చేసేవారు. వానాకాలంలో వాటి పుల్ల బిగిసేది, ఎండాకాలంలో వదులై పెట్టె తెరవగానే ఊడి కింద పడేది. నా దాన్ని తిరగేసి చూపించాను. వెనక సన్నగా "సన్ హెమ్మి, జపాన్" అని ఉంది. హెమ్మి జిరో అనే ఆయన వెదురు పేళ్లని అతికించి, పైన తెల్లటి సెల్యులాయిడ్ పొర వేసి ఈ పనిముట్టుని చేశాడు. 1912లో పేటెంటు తీసుకున్నాడు. వెదురు చెమ్మకి అంతగా వంకర పోదని, దానిలో ఉండే జిడ్డు వల్ల పుల్ల సుళువుగా జారుతుందని వాళ్లు చెప్పుకునేవాళ్లు. నా అనుభవంలో ఆ మాట నిజమే. ఇన్ని ముసుర్లు చూసింది, ఒక్కసారి పట్టెయ్యలేదు.

"మన అడవిలో ఉండే వెదురా?"

"జాతి వేరేమో గాని వెదురే. మన దగ్గర అది తడికైంది, బుట్టైంది, నిచ్చెనైంది, సారపాక మిల్లుకెళ్లి కాగితమైంది. వాళ్ల దగ్గర లెక్కల పనిముట్టయింది. అంతెందుకు, మనం కొలబద్ద అంటాం చూడు, బద్ద అంటే వెదురు చీలికే కదా. మన మాటలోనే వెదురుంది."

పాలిటెక్నిక్‌లో చేరిన ఏడు మా నాన్న వడ్ల డబ్బు చేతికొచ్చేదాకా ఆగి కొనిపెట్టాడు దీన్ని. చొక్కా జేబులోంచి ఇది ఇంత పైకి కనపడితే ఊళ్లో వాళ్లు దారిచ్చేవారు. ఇంజనీరు కాకపోయినా సరే, ఇంజనీరే అనుకునేవారు. ఇవాళ మెడలో స్టెతస్కోపు వేసుకుని బస్సెక్కే కుర్రాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. పాపం, నేనూ అంతే.

ఇంతకీ ఇదెలా పనిచేస్తుంది? ముందు రెండు మామూలు స్కేళ్లు తెప్పించాను. ఒకటి కింద, ఒకటి పైన. కింది స్కేలు మీద 2 దగ్గర పై స్కేలు సున్నా పెట్టాలి. పై స్కేలు మీద 3 ఎక్కడుందో దాని కింద చూస్తే 5. రెండు పొడవులు కలిశాయి, కూడిక అయింది. ఇంతే. కూడిక యంత్రం కొనక్కర్లేదు.

"మరి గుణకారం?"

"అంకెల్ని వరసగా కాకుండా వేరే ఎడంలో నాటితే అదీ అవుతుంది. ఆ ఎడం ఎంతో నువ్వే కనిపెట్టాలి."

పాత పేపరు అంచు నుంచి రెండు పట్టీలు కత్తిరించింది, ఒక్కోటి 25 సెంటీమీటర్లు. ఎడమ కొస 1, కుడి కొస 10. మధ్యలో 2 ఎక్కడ పెట్టాలి?

ఒకటిని రెట్టింపు చేస్తూ పొమ్మన్నాను. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... వేళ్లు మడుస్తూ పదోసారికి 1024 దగ్గర ఆగింది. "వెయ్యికి ఇరవై నాలుగు ఎక్కువొచ్చింది." ఆ ఇరవై నాలుగూ మీ అమ్మమ్మకి కొసరుగా వదిలేద్దాం అన్నాను. వెయ్యి అంటే పదింతలు మూడుసార్లు. కాబట్టి రెట్టింపు అడుగులు పది వేసినా, పదింతల అంగలు మూడు వేసినా దాదాపు ఒకే చోటికి చేరతాం. మన పట్టీ మీద పదింతల అంగ 25 సెంటీమీటర్లు. మూడంగలు 75. దాన్ని పది అడుగులకి పంచితే ఒక్కో అడుగు ఏడున్నర.

అంటే 2 గీత ఏడున్నర దగ్గర. 4 పదిహేను దగ్గర. 8 ఇరవై రెండున్నర దగ్గర. 5 ఎక్కడ? పదిలో సగం కదా, కుడి కొస నుంచి ఒక రెట్టింపు అడుగు వెనక్కి రా: పదిహేడున్నర. 3 కొంచెం ఏడిపించింది. మూడుని నాలుగుసార్లు గుణిస్తే 81. అది 80కి పక్కింటిదే. 80 అంటే ఎనిమిది పదులు, అంటే ఇరవై రెండున్నరా పాతికా కలిపి నలభై ఏడున్నర. దాన్ని నాలుగుకి పంచితే 11.9. ఇక 6 అంటే 2 అడుగూ 3 అడుగూ కలిపి 19.4. 7 మాత్రం నేను చెప్పకుండానే తనే పట్టింది: "ఏడేళ్లు నలభై తొమ్మిది, యాభై అనుకుంటా తాతయ్యా." అనుకో, పర్లేదు. 21.2 వచ్చింది. తర్వాత లాగరిథమ్ పట్టికతో సరిచూస్తే ఏ గీతా మిల్లీమీటరు కంటే పెద్దగా పక్కకి పోలేదు. పాత పేపరుతో, వేళ్ల లెక్కతో చేసిన పరికరానికి ఇంకేం కావాలి?

కింది పట్టీ 2 మీద పై పట్టీ 1 పెట్టింది. పైన 3 కింద చూసింది. ఆరు. ఇంకోసారి తీసి పెట్టింది. ఆరే. అప్పుడు మొహం చూడాలి.

ఈ ఎడాలకే లాగరిథమ్ అని పేరు పెట్టి, పట్టికలు కట్టి 1614లో అచ్చేసినవాడు జాన్ నేపియర్, స్కాట్లాండులో ఒక భూస్వామి. ఇరవై ఏళ్లు కూర్చుని కట్టాడు. ఆయన పట్టికల్ని పదింతల లెక్కలోకి మార్చినవాడు హెన్రీ బ్రిగ్స్. 1620లో ఎడ్మండ్ గంటర్ ఆ ఎడాల్ని కర్ర మీద గీశాడు గాని, ఒకటే కర్ర. కంపాసుతో కొలిచి కూడుకునేవారు. తర్వాత కొద్ది ఏళ్లలోనే విలియం ఆట్రెడ్ అనే చర్చి ఫాదరు రెండు బద్దలు పక్కపక్కన పెట్టి జార్పితే కంపాసు అక్కర్లేదన్నాడు. ఇవాళ పిల్లకి తట్టేంత చిన్న సంగతి, కానీ మొదట తట్టడమే కదా గొప్ప. నా రూలు మీద జారే గాజు పలక, దాని మధ్య వెంట్రుక గీత ఉన్నాయే, వాటిని కర్సర్ అంటాం. అది అందరి రూళ్ల మీదకీ ఎక్కింది ఫ్రెంచి ఫిరంగి దళం అధికారి మన్‌హైమ్ వల్ల, 1850 ప్రాంతంలో.

ఆ లాగరిథమ్‌లు మన అడవికి ఎప్పుడో వచ్చాయి. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జార్జ్ ఎవరెస్ట్ త్రిభుజాలు కడుతూ తిరిగాడు. అవును, ఆ శిఖరానికి పేరు పెట్టించుకున్న ఎవరెస్టే. లాంబ్టన్ దొర నడిపే మహా సర్వేలో అప్పుడాయన కొత్తగా చేరిన సహాయకుడు. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్క కట్టాలి. అంటే పెద్ద పెద్ద అంకెల్ని గుణించాలి, భాగించాలి. లాగరిథమ్ పట్టికలు లేకపోతే ఒక్క త్రిభుజానికి ఒక పూట పోతుంది. పట్టికలు లెక్కని కాచాయి గాని మనిషిని కాయలేదు. వానాకాలపు అడవి జ్వరం ఎవరెస్ట్‌నీ, ఆయన వెంట వచ్చిన జనాన్నీ పడగొట్టింది. ఒళ్లు బాగుచేసుకోడానికి 1820లో ఆయన ఆఫ్రికా కొసన కేప్‌కి ఓడెక్కాల్సి వచ్చింది. మన్యం జ్వరమంటే ఏమిటో ఈ వైపు వాళ్లకి వేరే చెప్పాలా.

మాటల్లో ఉండగా వంటింట్లోంచి కేక. "ఆ సోల ఇటివ్వండి, ఎసరు మరుగుతోంది."

సోల నా దగ్గరే ఉంది మరి. పిల్లకి చూపించడానికి అరుగు మీదకి తెచ్చుకున్నాను. సోలా, తవ్వా, మానికా మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. ఇత్తడివి, అడుగున సొట్టలు పడ్డవి. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండిరసలు తూము. వింటున్నారా? అన్నీ రెట్టింపులే! ఏ పాత్ర పేరైనా తీసి ఆ కాగితం పట్టీ మీద పెట్టండి, పక్కదానికి సరిగ్గా ఏడున్నర సెంటీమీటర్ల ఎడంలో కూర్చుంటుంది. సోల 1 దగ్గర, తవ్వ 2 దగ్గర, మానిక 4 దగ్గర, అడ్డ 8 దగ్గర. డబ్బుల భిన్నాలూ అంతే: అర, పాతిక, పరక, వీసం, ఒక్కోటి ముందుదానిలో సగం. వీసమంటే పదహారో వంతు. కరణాలు నోటితో వల్లెవేసిన ఆ వరస అంతా స్లైడ్‌రూలు మీద సమాన దూరంలో పేర్చిన గుంజల్లా నిలబడుతుంది. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులో గణితం రాసిన నాటి నుంచీ మన వాళ్లకి లెక్కంటే మోజే. కానీ ఇత్తడి గిన్నెలు దొంతర పెట్టి, వాటి మధ్య ఎడాల్ని కర్ర మీద గీద్దామని ఎవరికీ తట్టలేదనుకుంటే నాకు కొంచెం బాధే. పుట్టి దగ్గర మాత్రం వరస మాట తప్పింది. ఇరవై తూములు పుట్టి. ఆ ఇరవై ఎవరు పెట్టారో గాని, అంతవరకూ నడిచిన అందం చెడగొట్టారు.

"అడ్డ అయిపోయాక కుంచానికి చోటేదీ? పట్టీ అయిపోయింది" అంది మనవరాలు.

అదీ అసలు ప్రశ్న. 8 నుంచి మరో ఏడున్నర వెళ్తే పట్టీ దాటి అయిదు సెంటీమీటర్లు బయటికి పడతాం. అప్పుడేం చెయ్యాలి? ఎడమ కొస నుంచి మళ్లీ అయిదు సెంటీమీటర్లు కొలవాలి. అక్కడ 1.6 ఉంటుంది. కుంచం పదహారు సోలలు కదా, రూలు మాత్రం 1.6 అంటుంది. 1.6, 16, 160, 1600, దానికి అన్నీ ఒకటే. చుక్క ఎక్కడ పెట్టాలో అది చెప్పదు. మా లెక్చరర్ ఒకాయన ఏ లెక్కకైనా ముందు నోటితో ఉజ్జాయింపు చెప్పించి, ఆ తర్వాతే రూలు ముట్టనిచ్చేవాడు. 24 తునికాకు కట్టలు, కట్టకి 50 ఆకులు, మొత్తం ఎన్ని? రూలు 1.2 అని ఊరుకుంటుంది. కల్లంలో కట్టలు పేర్చే కోయ అమ్మాయిని అడగండి, వెయ్యి మీద చిల్లర అని నవ్వుతూ చెబుతుంది. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బస్తా అని రోజూ లెక్క పెట్టేవాళ్లకి చుక్క ఎక్కడ పడుతుందో చేతుల్లోనే ఉంటుంది.

నా చేతుల్లో మొదట్లో ఉండేది కాదు. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక పనికి సిమెంటు ఇండెంటు రాశాను. 1800 బస్తాలు కావాలి. రూలు 1.8 చూపించింది, నేను ధీమాగా 180 రాసి సంతకం పెట్టాను. తాపీ మేస్త్రి ఆ కాగితం పట్టుకుని వచ్చి, ఎంతో మర్యాదగా, "సారూ, ఇది మీ ఇంటి అరుగుకా?" అన్నాడు. ఆయనకి చదువు రాదు. కుప్ప చూసి బస్తాలు చెప్పగలడు. ఆ తర్వాత చాలాకాలం ఆయన ఊఁ అంటే గాని ఏ ఇండెంటు మీదా సంతకం పెట్టలేదు నేను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన కాస్త తెరిపిచ్చింది. కర్రా గొడుగూ పట్టుకుని ఇద్దరం ఆనకట్ట వైపు నడిచాం. గోదావరి ఎర్రగా ఉంది. ఈ ఆనకట్ట కథ పత్తితో మొదలైంది. మధ్య భారతం పత్తిని పడవల మీద సముద్రం దాకా దించాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. దారిలో నదికి అడ్డంగా మూడు చోట్ల బండరాళ్ల వరసలున్నాయి: దుమ్ముగూడెం దగ్గర మొదటిది, ఇంచంపల్లి దగ్గర రెండోది, దేవలమర్రి దగ్గర మూడోది. ఆ రాళ్లని దాటించడానికి ఆనకట్టలూ, పక్కన పడవల కాలువలూ, లాకులూ. హెయిగ్ అనే మద్రాసు ఇంజనీరు ఇక్కడే మకాం వేసి పని నడిపాడు. అమెరికాలో అంతర్యుద్ధం జరిగినన్నాళ్లూ మన పత్తికి గిరాకీ. అది అయిపోయాక గిరాకీ తగ్గింది, ఖర్చు మాత్రం పెరిగింది, రైలు దారి వచ్చింది. 1871లో ప్రాజెక్టు ఆపేశారు. ఊరికి పేరు మాత్రం మిగిలింది.

"ఆనకట్ట మీంచి ఎంత నీరు పోతోందో ఆ బద్ద చెబుతుందా?"

చెబుతుంది, చూడు అని గొడుగు తనకిచ్చి రూలు తీశాను. గట్టు మీంచి నీరు పొర్లేటప్పుడు రెండు సంగతులు జరుగుతాయి. మందం పెరిగితే నీరు దూరే కిటికీ పెద్దదవుతుంది, అది ఒకటి. మందం పెరిగితే నీటి వేగమూ పెరుగుతుంది, కాకపోతే అంతే నిష్పత్తిలో కాదు, దాని వర్గమూలం లెక్కన. పై నుంచి రాయి పడేటప్పుడు వేగం పెరిగే పద్ధతే ఇదీ. కాబట్టి మందాన్ని, మందం వర్గమూలంతో గుణించాలి. నా రూలు మీద వర్గాల గీతొకటి ఉంది, ఘనాల గీతొకటి ఉంది. వర్గాల గీత మీద 4 దగ్గర వెంట్రుక పెడితే, ఘనాల గీత మీద 8 కనపడుతుంది. పుల్ల కదపనే అక్కర్లేదు. నాలుగుని దాని వర్గమూలం రెండుతో గుణిస్తే ఎనిమిదే కదా. 9 దగ్గర పెడితే 27. ఆనకట్ట ఆకారాన్ని బట్టి ఇంకో గుణకం, పొడవు, ఈ రెంటితోనూ గుణిస్తే క్యూసెక్కులు.

"నాలుగడుగులు తొమ్మిదైతే, రెట్టింపు మీద కొంచెం. నీరు మాత్రం మూడింతల పైమాట."

అవునమ్మా. వరద రోజుల్లో ఒక్కడుగే కదా పెరిగింది అనుకునేవాళ్లని అందుకే కసురుకుంటాను. అసలు పెద్ద వరదలో ఆనకట్టే నీటిలో మునిగిపోతుంది, అప్పుడీ లెక్క చెల్లదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర మట్టం 75.6 అడుగులు, సుమారు 27 లక్షల క్యూసెక్కులు పోయాయన్నారు. మొదటి హెచ్చరిక 43 దగ్గర అని గుర్తు పెట్టుకుంటే అదెంత వరదో తెలుస్తుంది. ఆ 27 లక్షలన్న మాట చూడండి, రెండంకెలు, తర్వాత సున్నాలు. స్లైడ్‌రూలు మూడంకెలే ఇస్తుందని ఎగతాళి చేస్తారు. గోదావరిని మూడంకెల కంటే ఖచ్చితంగా కొలిచానన్నవాణ్ణి నేనింతవరకూ నమ్మలేదు. ఈ మూడంకెల పనిముట్టుతోనే ప్రపంచమంతా వంతెనలు లెక్క కట్టింది. చంద్రుడి దాకా వెళ్లిన అపోలో వాళ్లు కూడా ఒక అల్యూమినియం స్లైడ్‌రూలు వెంట ఉంచుకున్నారు.

అంత పరపతి ఉన్నదానికి కాలం చెల్లడానికి నాలుగేళ్లు పట్టింది. 1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు హెచ్‌పీ-35 అని జేబులో పట్టే కాలిక్యులేటర్ తెచ్చారు, 395 డాలర్లు. సైన్లూ కోసైన్లూ లాగరిథమ్‌లూ అన్నీ పది అంకెల దాకా. ఏడాదేడాదికీ ధరలు పడిపోయాయి. 1976 వచ్చేసరికి అమెరికాలో పేరున్న స్లైడ్‌రూలు కంపెనీలు తయారీ ఆపేశాయి. నా రూలు సొరుగులోకి వెళ్లింది. నేనూ కాలిక్యులేటర్ కొన్నాను, దాచను. చుక్క అదే పెట్టేది. దాంతో మేస్త్రి దగ్గరికి వెళ్లడం తగ్గింది, ఇండెంట్లలో తప్పులు మాత్రం తగ్గలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. దీపం దగ్గర పిల్ల మళ్లీ కాగితం పట్టీలు తీసింది. రెండుని మూడుతో గుణిస్తే ఈసారి ఆరు గీతకి వెంట్రుకంత పక్కకి పోయింది.

"పాడైపోయింది" అంది ఏడుపు మొహంతో.

ఒక పట్టీ పొద్దుట్నుంచీ వంటింట్లో పొయ్యి పక్క గూట్లో ఉంది. రెండోది కిటికీలో జల్లు పడే చోట ఉంది. నేను నోరు తెరిచే లోపలే తను రెండింటినీ పక్కపక్కన పెట్టి కొసలు చూసింది. కిటికీలోది నూలుపోగంత పొడుగు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి రెండు పట్టీలూ కిటికీలోనే పెట్టి వచ్చింది.

"రెండూ ఒకేలా ఉబ్బితే చాలు కదా తాతయ్యా?"